మా మేనత్త గరిక

నా చిన్నప్పుడు మా ఇంటి ముందు పరుపు పరిచినట్టు గరిక ఉండేదంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. నల్గొండ అంటేనే గుట్టలు, మొరం నేల, ఎండ. ఏ ఇంటి ముందు చూసినా ఎర్రమట్టి వాకిలి, దాని మీద చిక్కటి పేడనీళ్ళు, ఆ పైన ముగ్గు. ఊరి చివర, సాగర్ పనులకు లారీలు పోయే రోడ్డు పక్కన ఉన్న మా వాకిట్లో మాత్రం సగం భాగం పచ్చగా గడ్డి. దాన్ని చూసి మెచ్చుకున్న వాళ్ళకంటే నవ్విన వాళ్ళే ఎక్కువ. గడ్డిని గొర్రెలకు వేస్తారు గానీ ఇంటి ముందు పెంచుకుంటారా అని అడిగేవాళ్ళు. మాకు గొర్రెల మంద కూడా ఉండేది కాబట్టి ఆ ఎగతాళి మాకు ఇంకా బాగా అతికేది.

ఆ గరిక మా మేనత్తది. మా బాపుకు చెల్లెలు. పెళ్ళయిన కొన్నాళ్ళకే ఆమె భర్త జ్వరంతో పోయాడు. అత్తగారి వాళ్ళకు హాలియా దిక్కు కాస్త పొలం ఉండేది. పిల్లలు లేరు కనుక పొలంలో పాలూ వాటా లేదని, పుట్టింటికి పోయి బతకమని అక్కడి పెద్దమనుషులు తీర్పు చెప్పారట. ఆమె ఏడవలేదట, బతిమాలలేదట. బండి ఎక్కే ముందు కొడవలి తీసుకుని పొలం గట్టు మీదికి పోయి, గరికను వేళ్ళతో సహా పెళ్ళగించి, తడిపిన గోనెసంచిలో చుట్టుకుని బండిలో పెట్టుకుందట. "భూమిల పాలియ్యకుంటె పాయె. గట్టు మీది గడ్డికి ఎవడడ్డమొస్తడో చూస్త" అన్నదట. ఎవరూ అడ్డం రాలేదు. గడ్డే కదా అనుకుని ఉంటారు.

అదంతా నేను పుట్టకముందు సంగతి. నాకు బుద్ధి తెలిసేటప్పటికి ఆ గోనెసంచి గరిక వాకిట్లో సగం ఆక్రమించింది. మా మేనత్త పగలంతా పనిచేసేది, ఆ పనిలో కూర్చుని చేసేదంతా ఆ గడ్డి మీదే. బియ్యంలో రాళ్ళు ఏరినా, చింతపండులో గింజలు తీసినా, నా తల దువ్వినా అక్కడే. వీధికి ఎదురుగా, గేటుకు తిన్నగా. ఇది మా ఇంట్లో పెద్ద తగువు. భర్త పోయిన ఆడది ఎదురొస్తే పోయిన పని చెడుతుందని ఆ రోజుల్లో గట్టిగా నమ్మేవాళ్ళు. బాపు చెప్పులు వేసుకుంటున్న చప్పుడు వినబడగానే మా అవ్వ, అంటే బాపుకూ మేనత్తకూ తల్లి, ఒకసారి దగ్గేది. లోపలికి పొమ్మని ఆ దగ్గుకు అర్థం. మేనత్త కదిలేది కాదు. "నేను ఎవ్వలకు ఎదురొస్తలేను. నా జాగల కూసున్న" అనేది, బియ్యం చేటలోంచి తల ఎత్తకుండానే. బాపు గొంతు సవరించుకుని, దొడ్డిదారిన తిరిగి పోయేవాడు. పాపం, మా బాపు చెడ్డవాడేమీ కాదు. భయస్థుడు. భయస్థులే ఎక్కువ పట్టుదలగా ఉంటారని గరికకు పాచి పట్టిన ఏడాది తెలిసింది.

నాకు అప్పుడు తొమ్మిదో పదో ఏళ్ళుంటాయి. ఆ శ్రావణంలో ముసురు పట్టి వదల్లేదు. మా వాకిట్లో ఒక కానుగ చెట్టు కొమ్మలు విరగబోసుకుని ఉండేది. ఎండ మొహం చూడక దాని నీడలో గరిక పసుపుపచ్చబడి, మధ్య మధ్యలో పాచి పట్టింది. మా దిక్కు పాకురు అంటాం. మొదట గోరంత, ఆ తర్వాత చాపంత. అడుగు వేస్తే నేల మెత్తగా లోపలికి దిగి, కాలి వేళ్ళ మధ్య నుంచి నల్లటి నీళ్ళు వచ్చేవి. ఒకరోజు పొద్దున్నే వాకిలి చల్లుతూ మా అవ్వ ఆ పాచి మీద జారి పడింది. పేడనీళ్ళ బకెట్ ఒక దిక్కు, ఆమె ఒక దిక్కు. కుడి మణికట్టు విరిగింది. వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టించుకుని వచ్చి, అరుగు మీద కూర్చుని, గరికను, వానను, కానుగ చెట్టును, చివరికి మేనత్తను వరసపెట్టి తిట్టింది.

బాపుకు కావలసిన సాకు దొరికింది. గడ్డి చెక్కేసి వాకిలి అంతా షాబాదు బండలు పరిపిస్తానన్నాడు. మేనత్తకు కూర్చోవడానికి దొడ్లో బావి దగ్గర చప్టా కట్టిస్తానన్నాడు. అది వినడానికి దయలాగే ఉంది. కానీ ఇంటి ముందు నుంచి ఇంటి వెనక్కు పంపడమని పిల్లనైన నాకు కూడా అర్థమైంది. రెండు రోజుల్లో బండ్ల మీద బండలు వచ్చి గోడకు ఆనుకుని నిలిచాయి. మేస్త్రి కాలువ పనుల్లో ఉన్నాడు కాబట్టి పెత్రమాస, అంటే పెద్దల అమావాస్య, దాటాక వస్తానని చెప్పి పంపాడు.

మేనత్త ఆ బండల ముందు చాలాసేపు నిలబడింది. తర్వాత బాపుతో, "అన్నా, పెత్రమాసకు నా గడ్డి లేవకుంటె నేనే మోసుకొచ్చి బండలేస్త. లేస్తె మాత్రం వీటిని ముట్టుడు లేదు" అన్నది. మేస్త్రి ఎలాగూ అప్పటిదాకా రాడు కనుక బాపు సరేనన్నాడు. ఆ పాచి చూసిన వాడెవడూ గరిక మళ్ళీ లేస్తుందనుకోడు.

ముసురు తెరిపి ఇచ్చిన రోజు మేనత్త నన్ను వెంట పెట్టుకుని పనికి దిగింది. ముందు కొడవలి కొనతో పాచిని ఒక మూల నుంచి లేపింది. అది రొట్టెలాగా ఊడి వచ్చింది. దాని కింద నేల ఉంటుందని నేననుకున్నాను. లేదు. అంగుళం మందాన ఎండుగడ్డి, పేడ కలిసి అతుక్కుపోయిన ఒక పొర ఉంది. అచ్చంగా నానిన గొంగడి. చేత్తో పిండితే నీళ్ళు కారాయి. నేల దాని కింద ఎక్కడో గాలి తగలక పాలిపోయి, గట్టిగా బిగుసుకుని ఉంది. గరిక వేళ్ళు ఆ నేలలోకి పోవడం మానేసి, పైన ఆ తడి పొరలోనే పాకుతున్నాయి.

మేనత్త ఆ ముక్కను చేతిలో పట్టుకుని నవ్వింది. ఆ నవ్వులో సంతోషం లేదు. "ఇన్నేండ్లు రోజూ పొద్దుగాల సాన్పు చల్లి చల్లి నా గడ్డికి గొంగడి కప్పిండ్రు బిడ్డా" అన్నది.

సాన్పు అంటే పొద్దున్నే వాకిట్లో చల్లే పేడనీళ్ళు. మట్టి వాకిలికి అది మంచిదే, దుమ్ము అణుగుతుంది, నేల గట్టిపడుతుంది. మా అవ్వ సగం మట్టికి చల్లి, సగం గడ్డి అని వదిలేసే మనిషి కాదు. ఇంటి ముందు జాగా అంతా వాకిలే, వాకిలి అంతటా సాన్పు పడాల్సిందే. అలా ఏళ్ళ తరబడి, ఏ పూటా తప్పకుండా, శుభమని చల్లిన పేడ ఎండుగడ్డితో కలిసి ఆ గొంగడి అయింది. వానకు తడిసింది, నీడకు ఆరలేదు, పాచి పట్టింది. మా అవ్వ జారి పడింది తను చల్లిన సాన్పు మీదే. ఈ మాట మేనత్త ఆమెకు చెప్పింది కూడా. చెప్పే తీరులో కాస్త మెత్తదనం ఉంటే బాగుండేది, కానీ మా మేనత్తకు మెత్తగా చెప్పడం చేతకాదు.

"సాన్పు వద్దంటవా? సాన్పు లేని వాకిలి సావు ఇంటి వాకిలి!" అని అవ్వ అరుగు మీద నుంచి అరిచింది. అది నిజమే. మా దిక్కు ఎవరైనా పోతేనే ఆ ఇంటి ముందు సాన్పు, ముగ్గు ఆపేస్తారు. ముగ్గు లేని వాకిలి చూస్తే దారిన పోయేవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడతారు.

మేనత్త పని ఆపలేదు. ఇంటి దగ్గర కట్టేసి ఉన్న నాలుగు గొర్రెలను తెచ్చి గరిక మీద వదిలింది. అవి పైన ఉన్నదంతా నున్నగా కొరికేశాయి. తర్వాత పెద్ద తుమ్మకంప నరికి తెచ్చి, దాని మీద ఒక బరువైన రాయి కట్టి, మొదలుకు తాడు వేసి ఇద్దరం గుంజాం. ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా. ముళ్ళు ఆ పొరను చీల్చుకుంటూ పోతుంటే చిక్కుపడిన జుట్టును దువ్వినట్టు నల్లటి ఎండుగడ్డి కుప్పలు కుప్పలుగా లేచి వచ్చింది. దాన్నంతా గంపలకు ఎత్తి పెంటకుప్ప మీద పోశాం. గడ్డపారతో నేలంతా పొడిచి పొడిచి బొక్కలు పెట్టింది మేనత్త. వాగు ఇసుక తెచ్చి ఆ బొక్కల్లో పడేలా చల్లాం. కానుగ చెట్టు కొమ్మలు సగం కొట్టేసి పొలానికి ఎరువుగా పంపింది. ఎన్నాళ్ళకో మా వాకిట్లో ఎండ పడింది.

పని అయ్యాక చూస్తే భయం వేసింది. పచ్చదనం లేదు, పాచి లేదు. గుండు కొట్టించిన తల మీద గాట్లు పడ్డట్టు ఎర్రటి నేల, అక్కడక్కడా తెల్లటి వేళ్ళు. పక్కింటి పెద్దమ్మ గోడ మీది నుంచి చూసి నోరు నొక్కుకుంది. ఇంటి ముందు ముళ్ళకంప గుంజడమే అరిష్టమని, అందులోనూ మేనత్త లాంటి మనిషి గుంజడం మరీ అరిష్టమని వీధి వీధంతా చెప్పింది. నాకు ఏడుపు వచ్చింది. గరిక చచ్చిపోయిందా అని అడిగాను. "అది నాతోని వచ్చిన గడ్డి. గంత అల్కగ సావదు" అన్నది మేనత్త.

మర్నాడు పొద్దున అసలు సంగతి మొదలైంది. అవ్వ పడ్డప్పటి నుంచి ముసురు వదలక వానే వాకిలిని కడిగేది, అందుకే అన్నాళ్ళూ రాని ప్రశ్న ఇప్పుడొచ్చింది. సాన్పు ఎవరు చల్లాలి? అవ్వ చెయ్యి కట్టులో ఉంది. మా అమ్మ కాన్పుకు పుట్టింటికి పోయింది. మా తాత మంద వెంట ఊళ్ళు తిరుగుతున్నాడు. ఆయన ఇంట్లో ఉన్నా, బాపు ఉన్నా ఒకటే, మగవాళ్ళు సాన్పు బకెట్ ముట్టరు. మేనత్త చల్లకూడదు, ఆమె చేతి సాన్పు పనికిరాదని అవ్వే ఆమె పుట్టింటికి తిరిగొచ్చిన నాడు చెప్పింది. పక్కింటి వాళ్ళను పిలవడానికి నామోషీ. ఇన్ని కట్టుబాట్లు పెట్టుకున్న ఇంట్లో చివరికి ఆ బకెట్ నా చేతికి వచ్చింది. నా వయసు పిల్లకు అంతకు ముందు ఎవరూ ఏ అధికారమూ ఇవ్వలేదు. ఇది కూడా ఇవ్వాలని ఇచ్చింది కాదు.

నేను మేనత్త దగ్గరికి పోయి ఏం చెయ్యమంటావని అడిగాను. చల్లవద్దని చెబుతుందనుకున్నాను. ఆమె పొయ్యి ఊదుతూ, "నేను చెప్ప. చల్లుతవో చల్లవో, నీ చెయ్యి" అన్నది. అప్పుడు నాకు ఆమె మీద కోపం వచ్చింది. చెప్పి ఉంటే తప్పు ఆమెది అయ్యేది కదా. ఇప్పుడేమైనా అయితే నాదే.

బకెట్ మోసుకుని వాకిట్లోకి పోయాను. అరుగు మీద అవ్వ, గడపలో బాపు. గాట్లు పడిన ఆ నేలను చూశాను. తెల్లటి వేళ్ళ మీద మళ్ళీ ఆ గొంగడి కప్పాలా అనిపించింది. బకెట్ ఎత్తి మొత్తం కానుగ చెట్టు మొదట్లో గుమ్మరించాను. వాకిలి పొడిగానే ఉండిపోయింది. ఆ తొలిరోజు మొండితనంలో మట్టి వైపు కూడా చల్లలేదు.

అవ్వ కేకలు పెట్టింది. బాపు చెయ్యి ఎత్తాడు గానీ కొట్టలేదు. "ఎందుకు చల్లవే పోరీ?" అన్నాడు. "నేను చల్ల" అన్నాను. నా జీవితంలో పెద్దవాళ్ళతో అన్న మొదటి 'కాదు' అదే. ఆ మాట వెనక్కు తీసుకోలేదు. ఆ మర్నాడూ అదే, ఆ తర్వాతి రోజూ అదే. సాన్పు లేదు, ముగ్గు లేదు. ఆ పూటల్లో మా అవ్వ నా అన్నంలో మజ్జిగ పోసింది గానీ నా మొహం చూడలేదు.

అట్లా ఉండగా ఒకరోజు పై వాడకట్టు నుంచి ఒక ముసలాయన భుజాన తువ్వాల వేసుకుని, మొహం చిన్నబుచ్చుకుని మా ఇంటికి వచ్చాడు. బాపు పక్కన అరుగు మీద కూర్చుని, కాసేపు నిట్టూర్చి, బాపు చెయ్యి పట్టుకున్నాడు. "పడ్డదని విన్న. గింతల్నే పాణం పోతదనుకోలే. మంచి మనిషి. ఎప్పుడు పోయింది?" అని అడిగాడు. బాపుకు అర్థం కాలేదు. అవ్వ జారి పడిందన్న మాట ఆయనకు చేరింది, సాన్పు లేని మా వాకిలి కళ్ళబడింది, రెండూ కలుపుకుని పరామర్శకు వచ్చాడు. సరిగ్గా అప్పుడే, ఎవరొచ్చారో చూద్దామని కట్టు కట్టిన చెయ్యి గుండెకు ఆనించుకుని అవ్వ గడప దాటి వచ్చింది. ముసలాయన తువ్వాల కింద పడింది.

లోపల మేనత్త నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. "ఎవ్వలు పోయిండ్రు? నేనా?" అన్నది అవ్వ. ముసలాయన తువ్వాల కోసం కింద తడుముకున్నాడు. "వాకిట్ల సాన్పు లేకుంటె నేను సచ్చినట్టేనా? తిన్నదో తినలేదో అడిగినోడు లేడు. చెయ్యి ఎట్లున్నదని అడిగినోడు లేడు. పేడనీళ్ళు పడలేదని మోసుకపోనీకె వచ్చిండ్రా!" అని ఆమె ఎత్తుకున్న గొంతు రోడ్డు మీది లారీ చప్పుడును కూడా మింగేసింది. అన్నేళ్ళుగా మేనత్తకూ నాకూ పడిన తిట్లన్నీ ఆ పూట వీధికి పడ్డాయి. ఆ పెద్దమనిషి వచ్చిన దారిలో కాకుండా దగ్గరి సందులోంచి పోయాడు.

మర్నాడు పొద్దున నేను బకెట్‌తో చెట్టు దగ్గరికి పోతుంటే అవ్వ ఆపింది. నా వైపు చూడకుండానే, "పేడ పారబోసుడెందుకే? మట్టి దిక్కు చల్లు. గడ్డి మీద పడితె ఊకోను" అన్నది. ఆ మాట విని మేనత్త పొయ్యి దగ్గర నుంచి లేవలేదు. ఊదుగొట్టం చప్పుడు మాత్రం కాసేపు ఆగింది.

బాపు మాత్రం దిగిరాలేదు. పెత్రమాస దాటగానే మేస్త్రి వచ్చాడు. గరిక అప్పటికి లేచింది, కాదనడానికి లేదు. నేలలోకి వేళ్ళు తన్ని, ముళ్ళలాగా నిటారుగా, కళ్ళు చెదిరే పచ్చగా లేచింది. కానీ అంతటా రాలేదు. కానుగ మొదట్లో ఇంకా బోడిగానే ఉంది. బాపు ఆ బోడి జాగా చూపించి, పూర్తిగా లేవలేదు కాబట్టి తన మాటే చెల్లాలన్నాడు. గునపం తీయమని మేస్త్రికి చెప్పాడు.

మేనత్త వాదించలేదు. వచ్చి గరిక మధ్యలో కూర్చుంది. "పరువు, నా మీదికెల్లి బండలు పరువు" అన్నది మేస్త్రితో. ఆయన గునపం భుజాన వేసుకుని బాపు మొహం చూశాడు. నేను పోయి మేనత్త పక్కన కూర్చున్నాను. ఎవరూ కూర్చోమనలేదు. బాపు నా పేరు పెట్టి గట్టిగా పిలిచాడు, లేవలేదు. అప్పుడు అవ్వ అరుగు దిగింది. కట్టు విప్పి కొన్ని రోజులే అయింది, చెయ్యి ఇంకా సన్నగా ఉంది. తను జారి పడిన చోటికే వచ్చి, కాలితో తడిమి, ఆ చివర నుంచి ఈ చివర దాకా చెప్పులు లేకుండా నడిచింది. జారలేదు. వెనక్కు వచ్చి కూతురి పక్కన చతికిలబడింది. "బాయి కాడ బురద ఉన్నది. గా బండలు ఆడ పరువు పోండ్రి" అన్నది.

బాపు ఆ రోజు ఏదో పని మీద తాలూకా కచేరీకి పోవాలి. దొడ్లో మేస్త్రి బండలు దించుతున్నాడు, ఆ దారి మూసుకుపోయింది. ముందు నుంచే పోవాలి. ముందు మేము ముగ్గురం ఉన్నాం. అవ్వ దగ్గలేదు. బాపు చెప్పులు వేసుకుని, కాసేపు నిలబడి, చివరికి మా ముందు నుంచే, మేనత్త ఎదురుగానే గేటు దాటి పోయాడు. పోయిన పని అయిందో లేదో నాకు గుర్తు లేదు. సాయంత్రం వచ్చి అన్నం మాత్రం తిన్నాడు.

మేనత్త పోయి చాలా ఏళ్ళయింది. ఆ ఇల్లు కూడా ఇప్పుడు లేదు. ఇల్లు పంచుకునేటప్పుడు ఆడపిల్లకు పాలేమిటని మా వాళ్ళు అన్నప్పుడు నేను కొట్లాడాను, అది వేరే కథ. వాళ్ళు తేల్చేలోపు కొడవలి, తడిపిన గోనెసంచి తీసుకుని పోయి నాకు కావలసింది తెచ్చుకున్నాను. ఇప్పుడు నా ఇంటి ముందు ఉన్నది ఆ గరికే. ఏటా వానలు వెనక్కు తగ్గగానే తుమ్మకంప గుంజిస్తాను, చేతనైనంత నేనూ ఒక చెయ్యి వేస్తాను. ఇది మొదటి నుంచీ చేస్తున్నదే, శుభమే కదా అని ఎవరు ఏ బకెట్ నా చేతికిచ్చినా, ముందు ఒక మూల లేపి కింద ఏముందో చూస్తాను. ఆ తర్వాత చల్లాలో వద్దో, అది నా చెయ్యి.

మా ఆయన పోయినప్పుడు, దినాలన్నీ అయ్యాక, నేను ఎప్పటిలాగే పొద్దున వచ్చి గరిక మీద కూర్చున్నాను. మా మనవడు కొత్త ఉద్యోగానికి బయల్దేరుతున్నాడు. దగ్గరి చుట్టం ఒకామె పక్కకు వచ్చి, చెవిలో మెల్లగా, "పిలగాడు పోతాండు, జర లోపటికి జరుగు" అన్నది. నేను కదల్లేదు. "నేను ఎవ్వలకు ఎదురొస్తలేను. నా జాగల కూసున్న" అన్నాను, వీధిలో వాళ్ళకు కూడా వినబడేలా.

ఆమె ఇప్పటికీ నాతో మాట్లాడదు. గరిక మాత్రం బాగుంది.